అద్దాల మేడను పట్టి ఉంచే జిగురు ఎన్నాళ్లు నిలుస్తుంది?

హైదరాబాద్, బెంగళూరు, గురుగ్రామ్ ఐటీ ప్రాంతాల్లో కొన్ని భవనాలకు బయట ఫ్రేములేవీ కనిపించవు. గోడంతా ఒకే అద్దంలా మెరుస్తుంది. అలాంటి చోట ఒక్కో అద్దాన్ని వెనకనున్న అల్యూమినియం చట్రానికి పట్టి ఉంచేది సిలికోన్ జిగురు. దీన్నే స్ట్రక్చరల్ గ్లేజింగ్ అంటారు. ఎండకు ప్లాస్టిక్ బకెట్టు పెళుసుబారినట్లు ఏళ్ల తరబడి ఎండలో ఉన్న ఈ జిగురూ పాడైపోదా?

అంత తేలిగ్గా పాడవదు. నేలకు చేరే అతినీలలోహిత కిరణాల్లో బలమైనవాటి తరంగదైర్ఘ్యం సుమారు 300 నానోమీటర్లు. ఒక మోల్ లెక్కన వాటి శక్తి దాదాపు 400 కిలోజౌళ్లు. ప్లాస్టిక్‌లకు వెన్నెముకలాంటి కార్బన్-కార్బన్ బంధం తెగడానికి 350 చాలు. సిలికోన్‌కు వెన్నెముక సిలికాన్-ఆక్సిజన్ గొలుసు. అది తెగాలంటే 450 దాకా కావాలి. పైగా ఆ గొలుసు ఈ కిరణాలను పెద్దగా పీల్చుకోదు. పీల్చుకోని కాంతి హాని చేయలేదు.

అసలు చిక్కు జిగురులో కాదు, అది అద్దాన్ని అంటుకున్న చోట ఉంది. అద్దం గుండా వచ్చే ఎండ నేరుగా ఆ అతుకు మీద పడుతుంది. వాననీరు అక్కడ నిలిచిపోతే నీరు, వేడి, అతినీలలోహిత కిరణాలు మూడూ కలిసి పట్టును సడలిస్తాయి. ఎండకు అల్యూమినియం గాజు కంటే రెండున్నర రెట్లు ఎక్కువగా వ్యాకోచిస్తుంది కాబట్టి అతుకు రోజూ అటూ ఇటూ లాగుడు పడుతుంది. అంటించేముందు అద్దాన్ని సరిగా తుడవకపోయినా, ప్రైమర్ అవసరమైన చోట వేయకపోయినా ఆ లోపం ఏళ్ల తర్వాత బయటపడుతుంది. ధర తగ్గించడానికి మినరల్ ఆయిల్ కలిపిన నాసిరకం సిలికోన్ సంగతి వేరు. ఆ నూనె క్రమంగా బయటికి పోయి జిగురు కుంచించుకుపోతుంది, గట్టిపడి పగులుతుంది.

అందుకే యూరప్ మార్గదర్శకాల్లో ఈ జిగురును 45 డిగ్రీల నీటిలో ఉంచి, దాదాపు 1000 గంటలు కాంతి పడేలా చేసి పరీక్షిస్తారు. ఆ తర్వాత కూడా కనీసం 75 శాతం బలం మిగలాలి. ఆ మార్గదర్శకాలు లెక్కలోకి తీసుకున్న ఆయుష్షు 25 ఏళ్లు. 25 ఏళ్లు నిండిన మర్నాడే అద్దం ఊడిపోతుందని దీని అర్థం కాదు. అప్పటికైనా పరీక్షించి తీరాలని అర్థం.

మన నగరాల్లో 2000 తర్వాత లేచిన అద్దాల భవనాల్లో తొలితరానివి ఇప్పుడు ఆ వయసుకు చేరుతున్నాయి. పైకి చూసి వాటి స్థితిని చెప్పలేం. జిగురు మెత్తగా, నిగనిగలాడుతూ ఉన్నా పట్టు పోయి ఉండొచ్చు. దీనికి నిపుణులు చేసే పరీక్ష ఒకటుంది. అతుకులో చిన్న ముక్కను కోసి చేత్తో లాగుతారు. జిగురే చిరిగితే పట్టు బాగున్నట్లు. అద్దం మీద మరకైనా మిగలకుండా ఊడివస్తే ప్రమాదం ముంగిట ఉన్నట్లు.

లిఫ్టుకూ, అగ్నిమాపక పరికరాలకూ క్రమం తప్పకుండా తనిఖీ ఉండాలని అందరూ ఒప్పుకుంటారు. ఫుట్‌పాత్ మీద నడిచేవారి నెత్తిన వేలాడే అద్దాలకూ అదే నియమం వర్తించాలి.