జాబు పోయింది, అద్దెకు సర్కారు సాయం చేసిద్దా?

మా ముప్పాళ్ళ మండలంలో ఏ ఊరు తీసుకున్నా, చదువుకున్న పిల్లలు హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఉంటన్నారు. మిరప, పత్తి నమ్ముకుని ఊళ్ళో కూర్చునే రోజులు కావు. డిగ్రీ అవగానే బస్సెక్కటం, గోదాములోనో కాల్ సెంటర్‌లోనో కుదురుకోవటం, నలుగురు కలిసి ఒక గది తీసుకోవటం మామూలైపోయింది. ఆ పని పోయినప్పుడే అసలు కథ మొదలయిద్ది. జీతం ఆగిపోయిద్ది, అద్దె ఆగదు. ఇంటికి ఫోన్ చేస్తే, పురుగుమందుల కొట్లో కట్టాల్సిన డబ్బులు నాయన మనకి పంపిస్తాడు.

నేను హైదరాబాదులో ఏడేళ్ళు ఒక గోదాములో లెక్కలు చూశా. పనోళ్ళ ఈఎస్‌ఐ, పీఎఫ్ కాగితాలు నా చేతి మీదుగానే పోయేవి. అందుకని ఊరి కుర్రాళ్ళు నాకు ఫోన్ చేస్తుంటారు. "అన్నా, గవర్నమెంటు అద్దెకేమన్నా ఇచ్చిద్దా?" అని.

సూటిగా చెప్తా. అద్దె కోసం అని పేరు పెట్టి ఇచ్చే పథకం మన దగ్గర లేదు. బ్రిటన్‌లో పని పోయినోళ్ళకి ఇచ్చే యూనివర్సల్ క్రెడిట్‌లో ఇంటి అద్దెకు విడిగా ఒక భాగం ఉంటది. కరోనాలో అమెరికా అద్దె సాయానికే 4,600 కోట్ల డాలర్లకు పైగా తీసి పెట్టింది. అదే కరోనాలో మన దగ్గర ఏం చేశారు? 2020 మార్చి 29న కేంద్రం, కూలీల దగ్గర నెల రోజులు అద్దె అడగొద్దని ఆర్డరిచ్చింది. ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం మూడు నెలల అద్దె వాయిదా వెయ్యమంది, తర్వాత కొంచెం కొంచెంగా కట్టించుకోమంది. ఆ రెండు ఆర్డర్లలోనూ అద్దె బాకీ తీర్చటానికి సర్కారు ఒక్క రూపాయి ఇచ్చింది లేదు.

అట్టాగని చేతులు ముడుచుకుని కూర్చోవద్దు. అద్దె అన్న పేరు లేకపోయినా, అద్దె కట్టుకోవటానికి పనికొచ్చే డబ్బు ఉంది. దానికి దారి మీ జీతం చీటీలోనే ఉంది.

ఈఎస్‌ఐ అంటే ఆస్పత్రి ఒక్కటే కాదు

పది మంది, ఆ పైన పనిచేసే చోట, నెలకు 21 వేల లోపు జీతగాళ్ళకి ఈఎస్‌ఐ కట్టాలి. మీ జీతంలో 0.75 శాతం పట్టుకుంటారు, కంపెనీ 3.25 శాతం వేసిద్ది. 16 వేల జీతమనుకోండి, మీ దగ్గర పోయేది 120 రూపాయలు, కంపెనీ కట్టేది 520. కాంట్రాక్టరు కింద పనిచేసినా, ఆ డబ్బు కట్టించాల్సిన బాధ్యత అసలు కంపెనీదే.

ఈ ఈఎస్‌ఐలోనే అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన అని ఒకటుంది. 2018 జులై 1న మొదలయింది. మొదట్లో పావు జీతం ఇచ్చేవాళ్ళు, అదీ మూడు నెలలు ఖాళీగా ఉన్నాకే. 2020లో దాన్ని సగం జీతం చేశారు, పని పోయిన 30 రోజులకే అడగొచ్చన్నారు. 90 రోజుల దాకా ఇస్తారు, జన్మకి ఒక్కసారే.

దీనికి షరతులున్నాయి. ఈఎస్‌ఐలో రెండేళ్ళు ఉండాలి. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఒక అరేడు, అక్టోబరు నుంచి మార్చి దాకా ఇంకొకటిగా లెక్కేస్తారు. పని పోవటానికి ముందు అరేడులో కనీసం 78 రోజుల డబ్బు కట్టి ఉండాలి. అంతకు ముందు మూడింట్లో ఏదో ఒకదాంట్లో కూడా 78 రోజులు ఉండాలి.

లెక్క చూద్దాం. రెండేళ్ళు నెలకు 16 వేలు తీసుకుంటే మొత్తం 3 లక్షల 84 వేలు. దాన్ని 730 రోజులతో భాగిస్తే రోజుకి 526. అందులో సగం 263. 90 రోజులకు 23 వేల 600 పైన. నలుగురున్న గదిలో మన వాటా అద్దె, తిండి మూడు నెలలు నెట్టుకురావచ్చు.

దీనికి కంపెనీ దయ అక్కర్లేదు. ఈఎస్‌ఐ వెబ్‌సైటులో మీరే పెట్టుకోవచ్చు, లేకపోతే బ్రాంచి ఆఫీసుకు పోవచ్చు. ఆధార్, బ్యాంకు ఖాతా వివరాలు తీసుకెళ్ళండి. డబ్బు ఖాతాలోనే పడిద్ది. ఇది గడువు పెట్టి పొడిగించుకుంటా వస్తన్న పథకం, కాబట్టి ఇప్పుడు నడుస్తందా లేదా అని ముందు బ్రాంచిలో అడగండి.

కంపెనీయే మూతపడితేనో, చట్ట ప్రకారం మనుషుల్ని తగ్గిస్తేనో ఇంకోటుంది. 2005 నుంచి ఉన్న రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన. రెండేళ్ళ దాకా వచ్చిద్ది, మొదటి ఏడాది సగం జీతం.

పీఎఫ్ సంగతి వేరు. అది సాయం కాదు, మీ సొంత డబ్బు. పని పోతే 75 శాతం తీసుకోవచ్చు. మిగతా పావు కోసం ఆగాల్సిన గడువుని రెండు నెలల నుంచి 12 నెలలకి పెంచాలని 2025 అక్టోబరులో పీఎఫ్ బోర్డు నిర్ణయించింది.

ఆ ఒక్క సంతకం

మనోళ్ళు దెబ్బతినేది ఎక్కువగా ఇక్కడే. కంపెనీ తీసేసేటప్పుడు "రాజీనామా రాసివ్వు, రిలీవింగ్ లెటర్ మంచిగా ఇస్తాం" అంటారు. భయపడి రాసిస్తారు. నా పక్క గదిలో ఉన్న కుర్రాడు అట్టాగే రాసిచ్చాడు. ఆ తర్వాత అడగబోతే "నువ్వే మానేశావు గదా" అన్నారు. కార్మికుణ్ణి ఏడాది పనిచేయించుకుని తీసేస్తే నెల నోటీసో నెల జీతమో ఇవ్వాలి, పనిచేసిన ఏడాదికి 15 రోజుల జీతం లెక్కన పరిహారమూ ఇవ్వాలి. తనంతట తాను మానేసినోడికి ఆ పరిహారం రాదు. అందుకని తీసేస్తన్నామని కాగితం మీద రాసివ్వమనండి. ఇవ్వకపోతే, మీరే మెయిల్ పెట్టి "ఫలానా రోజు నుంచి రావొద్దన్నారు" అని రాసి ఉంచుకోండి. ఆ మెయిల్‌తో లేబర్ ఆఫీసుకు పోవచ్చు.

అడగాల్సింది ఏంది?

ఇదంతా ఈఎస్‌ఐ ఉన్నోళ్ళ సంగతి. డెలివరీ బండి తోలేవాళ్ళకి, చిన్న కొట్లో పనిచేసేవాళ్ళకి, చేతికి జీతమిచ్చి పుస్తకంలో పేరెక్కించని చోట ఉన్నోళ్ళకి ఇవేవీ రావు. 2018 అక్టోబరులో మన రాష్ట్రంలో యువనేస్తం అని నెలకు వెయ్యి ఇచ్చారు, 2019లో ప్రభుత్వం మారాక ఆగిపోయింది. 2024 ఎన్నికల్లో 3 వేల భృతి అని హామీ వచ్చింది. ఇవి పని దొరకనోళ్ళ కోసం అన్నవి. పని దొరికి, పట్నంలో గది తీసుకుని, ఉన్నట్టుండి రోడ్డున పడ్డోడి గురించి ఎవరూ మాట్లాడటంలా. ఓట్లకొచ్చే ఏ పార్టీవాళ్ళనైనా మనం అడగాల్సింది ఇదే. పని పోయిన మూడు నెలలు గది ఖాళీ చెయ్యకుండా నిలబడే సాయం, ఈఎస్‌ఐ లేనోళ్ళకి కూడా కావాలి.

అది వచ్చేలోపు మీ చేతిలో ఉన్న పని చేయండి. జీతం చీటీలో ఈఎస్‌ఐ కోత ఉందో లేదో చూడండి. ఉంటే, మీ ఈఎస్‌ఐ నంబరుతో వెబ్‌సైటులోకి పోయి, పట్టుకున్న డబ్బు నిజంగా కట్టారో లేదో చూసుకోండి. ఉద్యోగంలో ఉన్నప్పుడే అడగండి. పోయినాక అడిగితే ఫోనెత్తేవాడే ఉండడు.