చక్రాలు ఆగాక మా పని

విమానం రన్‌వేను తాకగానే చాలామంది ఫోన్లు తీస్తారు. కొందరు సీటుబెల్టు కూడా విప్పేస్తారు. కేబిన్ క్రూలో ఏళ్లుగా పనిచేస్తున్న నాకు మాత్రం ఇంకో రకం జాగ్రత్త అక్కడి నుంచే మొదలవుతుంది. గాల్లో ఉన్నంతసేపు అందరం ఒళ్లు దగ్గర పెట్టుకునే ఉంటాం. నేలకు దిగగానే మనసు సడలిపోతుంది. ఇంజన్లు మాత్రం తిరుగుతూనే ఉంటాయి. నేలమీద జరిగే ప్రమాదాల్లో చాలావాటికి ఆ ఏమరుపాటే దారితీస్తుంది.

2024 జనవరి 2న టోక్యోలోని హనేడా విమానాశ్రయంలో జపాన్ ఎయిర్‌లైన్స్ ఏ350 దిగుతూనే, రన్‌వే మీద ఉన్న కోస్ట్‌గార్డ్ విమానాన్ని ఢీకొంది. భూకంప బాధితులకు సాయం మోసుకెళ్లాల్సిన ఆ చిన్న విమానంలో ఆరుగురు ఉంటే ఐదుగురు చనిపోయారు. మంటలంటుకున్న పెద్ద విమానం నుంచి మాత్రం 379 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. లోపల మైకులు పనిచేయలేదు. మెగాఫోన్లతో, ఉత్త గొంతులతో సిబ్బంది జనాన్ని నడిపించారు. ఎనిమిది తలుపులుంటే మూడింటిని మాత్రమే వాడారు. బయట ఏముందో చూడకుండా తలుపు తెరిస్తే మంట లోపలికి వస్తుంది. అందుకే విమానం నేలమీద నడిచే టాక్సీయింగ్‌లో మేం బెల్టు బిగించుకుని మా సీట్లలోనే ఉంటాం. ఇప్పుడు ఏదైనా జరిగితే ఏ తలుపు, ఏ ఆజ్ఞ, ఎవరికి సాయం కావాలి అని మనసులో అనుకుంటూనే ఉంటాం.

నిలిపే చోట, అంటే స్టాండ్ మీద, ఆగాక కూడా విమానం మీద ఎర్రలైటు మిణుకుమంటూ ఉంటే దగ్గరికి రావద్దనే అర్థం. ఇంజన్‌ను వెంటనే ఆపేయరు. వేడి తగ్గడానికి కాసేపు తక్కువ వేగంతో తిరగనిస్తారు. తోకలో ఉండే చిన్న ఇంజన్, అదే ఏపీయూ, పనిచేయకపోతే బయటి నుంచి కరెంటు కేబుల్ తగిలించేదాకా పెద్ద ఇంజన్‌ను నడపాల్సి వస్తుంది. 2022 డిసెంబర్ 31న అమెరికాలోని మాంట్‌గోమరీలో జరిగింది ఇదే. విమానం దిగి గేటు దగ్గర ఆగింది, ఇంజన్ ఇంకా తిరుగుతోంది. దాని దగ్గరికి వెళ్లిన గ్రౌండ్ ఉద్యోగిని ఇంజన్ లోపలికి లాగేసింది. ఇంజన్ తిరుగుతూ ఉంటుందని అక్కడి సిబ్బంది ముందే మాట్లాడుకున్నారు కూడా. 2015 డిసెంబర్‌లో ముంబైలో, హైదరాబాద్‌కు బయల్దేరుతున్న విమానం దగ్గర ఒక టెక్నీషియన్ ఇలాగే ప్రాణం పోగొట్టుకున్నాడు.

ఇక నా చేతిలో ఉండేది తలుపు. కెప్టెన్ చెప్పగానే ఏ320లో తలుపు పక్కనున్న మీటను పైకి లేపి, ఎర్రపట్టీ వేలాడే పిన్ను గుచ్చుతాం. అవతలి తలుపు దగ్గరున్న అమ్మాయి నాది చూస్తుంది, నేను ఆమెది చూస్తాను. ఇది మరిచిపోతే, తలుపు తీయగానే అత్యవసర స్లైడ్ కొన్ని సెకన్లలోనే బుస్సున విచ్చుకుంటుంది. ఎదురుగా మెట్ల మీద మనిషి ఉంటే ఎముకలు విరుగుతాయి. అందుకే హ్యాండిల్‌ను ముందు కొద్దిగా మాత్రమే లేపి కిటికీ కింద చూస్తాను. తెల్లలైటు వెలిగితే స్లైడ్ ఇంకా సిద్ధంగానే ఉందన్నమాట. చెయ్యి అక్కడే ఆగిపోవాలి. ఎర్రలైటు మిణుకుమంటే లోపల గాలి ఒత్తిడి ఇంకా దిగలేదు. రెండూ వెలగకపోతే, బయట మెట్లు ఆనుకుని ఉన్నాయని కంటితో చూశాకే తెరుస్తాను.

తెరిచిన తలుపు ఇంకా ప్రమాదం. దాని గుమ్మం నేల నుంచి సుమారు 11 అడుగుల ఎత్తున ఉంటుంది. ఒక రాత్రి ఒక విమానాశ్రయంలో క్యాటరింగ్ వాళ్లు సామాను దించుకుని, మాకు మాట చెప్పకుండా బండి వెనక్కి తీసేశారు. మా జూనియర్ ట్రాలీ లాగుతూ వెనక్కి నడుస్తోంది. భుజం పట్టి ఆపాను. తిరిగి చూసి, "మేడమ్, ఇందాక బండి ఇక్కడే ఉందిగా!" అంది. అవును, ఇందాక ఉంది. 2024లో జకార్తాలో మెట్లు జరిపేసిన సంగతి తెలియక ఒక ఉద్యోగి విమానంలోంచి అడుగు బయటపెట్టి కిందపడ్డ వీడియో చాలామంది చూసే ఉంటారు. తలుపుకు అడ్డంగా కట్టే పట్టీ హెచ్చరిక మాత్రమే, మనిషి బరువును ఆపదు. మెట్లు జరిపే ముందు తలుపు మూయాలి. ఆ మాట పైనున్నవాళ్లకూ కిందున్నవాళ్లకూ ఒక్కటే.

కిందికి దిగాక చుట్టూ ట్రాక్టర్లు, ఇంధన ట్యాంకర్లు, బస్సులు తిరుగుతుంటాయి. మెరిసే జాకెట్ వేసుకుని, గీసిన దారిలోనే నడుస్తాం. వానపడితే ఆ పెయింటు గీతలే జారుతాయి. కడప లాంటి చోట్లకు తిరిగే ఏటీఆర్ విమానంలో ప్రయాణికులు వెనక తలుపు నుంచి దిగేది ముందువైపు ప్రొపెల్లర్లకు దూరంగా ఉండేందుకు కూడా. ఆ విమానంలో కుడి ఇంజన్‌ను, ప్రొపెల్లర్‌కు బ్రేకు వేసి, కరెంటు కోసం నడుపుతూ ఉండవచ్చు. ప్రొపెల్లర్ రెక్క కదలడం లేదు కదా అని ఇంజన్ ఆగిందనుకోకూడదు.

రోజుకు మూడు నాలుగు సార్లు ఎక్కి దిగే మాకు చివరి ల్యాండింగ్‌కు ఒళ్లు అలిసిపోతుంది. ఇల్లు గుర్తొస్తుంది. ఈ నియమాలన్నీ ఆ అలసట కోసమే పెట్టినవి. ఉత్సాహంగా ఉన్న మనిషికి ఎవరూ చెప్పక్కర్లేదు. అందుకే ప్రయాణికులకు నా విన్నపం: సీటుబెల్టు గుర్తు ఆరేదాకా లేవకండి. కింద సెల్ఫీల కోసం ఆగకండి. పిల్లల చెయ్యి వదలకండి. మేం తలుపు తీయడం ఆలస్యమైతే విసుక్కోకండి, లోపల ఎవరో ఏదో సరిచూస్తున్నారు.

కొత్తగా చేరిన అమ్మాయిలకు నేను చెప్పేది ఒక్కటే. తలుపు దగ్గర ఎవరు తొందరపెట్టినా తొందరపడొద్దు. రెండు నిమిషాలు లేటైతే ఆఫీసుకు జవాబు నేను చెప్పుకుంటాను.