నడక ఆలస్యమైన బిడ్డ

“వీని తండ్రికిని నడక ఆలస్యముగనే వచ్చినది” అని పెద్దలు ధైర్యము చెప్పుట మన గ్రామములలో పరిపాటి. ఒక్కొక్కప్పుడు అది నిజమే. కాని 9 నెలలు నిండినను ఆసరా లేక కూర్చుండలేని బిడ్డను, 18 నెలలు నిండినను నడువని బిడ్డను వైద్యునికి చూపక యుండరాదు.

అట్టివారిలో కొందరికి మస్తిష్క పక్షవాతము ఉండవచ్చును. మెదడునకు తగిలిన దెబ్బను ఏ వ్యాయామమును మాన్పలేదు. మాన్పుదు మనువారిని నమ్మరాదు. అయితే బిగిసిన కండరమును అట్లే విడిచినచో ఎముకతోపాటు అది సాగక, మడమ నేల కానక, బిడ్డ మునివ్రేళ్ళపైననే నిలుచును. ఫిజియోథెరపీ అక్కరకు వచ్చునది ఇచటనే. కండరమును మెల్లగా సాగదీయుదురు. కాలికి ఊతపట్టీలు అమర్తురు. ఆటవస్తువును కొంచెము దూరమున నుంచి బిడ్డయే ఒరిగి చేయి చాచునట్లు చేయుదురు. తానై చేసిన కదలికయే బిడ్డకు నేర్పును. నూనె మర్దన మాత్రముతో అది రాదు.

2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద అంగన్‌వాడీలలో పిల్లలను పరీక్షించి, అవసరమైనవారిని జిల్లా సత్వర చికిత్సా కేంద్రమునకు పంపుదురు. చికిత్స ఉచితము.

కేంద్రమున గడపునది కొద్ది సేపే. తక్కిన దినమంతయు బిడ్డ తల్లి చేతిలోనే యుండును. కాళ్ళు కత్తెరవలె బిగియు బిడ్డను, కాళ్ళు ఎడముగా నుండునట్లు చంక నెత్తుకొనవలెను. ఇది మన తల్లులకు ఒకరు నేర్పవలసిన విద్య కాదు.