మీ వైఫైకి నెట్ తెచ్చే ఫైబర్ కేబులే భూమికి స్కానర్!

ఫోన్ రివ్యూల్లో సెన్సర్ల లిస్ట్ రాసీ రాసీ అలవాటైపోయింది. కానీ ఈ మధ్య నన్ను నిజంగా ఆశ్చర్యపరిచిన సెన్సర్ ఏ ఫోన్‌లోనూ లేదు. మీ రూటర్ దాకా వచ్చే ఫైబర్ ఉంది చూశారూ, అదే!

భూమి లోపల ఏముందో తెలియాలంటే తవ్వి చూడాల్సిందే అనుకుంటాం. సోవియట్ యూనియన్ ఆ పనీ చేసింది. కోలా ద్వీపకల్పంలో 1970లో మొదలుపెట్టి 1989కి 12,262 మీటర్లు దిగారు. 100 డిగ్రీలు ఉంటుందనుకున్న చోట 180 డిగ్రీల వేడి తగిలింది, ఇక ముందుకెళ్లలేకపోయారు. భూమి కేంద్రం 6,371 కిలోమీటర్ల లోతులో ఉంది. అంటే పంతొమ్మిదేళ్ల కష్టానికి దక్కింది 0.2 శాతం కూడా కాదు.

అందుకే సైంటిస్టులు తవ్వడం కన్నా వినడాన్నే నమ్ముకున్నారు. భూకంప తరంగాలు గట్టి రాతిలో ఒక వేగంతో, కరిగిన రాతిలో ఇంకో వేగంతో వెళ్తాయి. ఆ టైమింగ్ తేడాలతోనే లోపలి బొమ్మ గీస్తారు. చిక్కేంటంటే సీస్మోమీటర్లు ఎక్కడో దూరదూరంగా ఉంటాయి, బొమ్మేమో మసగ్గా వస్తుంది. పాత వీజీఏ కెమెరా గుర్తుందా? అలా.

ఇక్కడే డీఏఎస్, అంటే డిస్ట్రిబ్యూటెడ్ అకౌస్టిక్ సెన్సింగ్ ఎంటరవుతుంది. వాడకుండా ఖాళీగా ఉన్న ఫైబర్ పోగు చివర ఇంటరాగేటర్ అనే బాక్స్ తగిలించి లేజర్ పల్స్‌లు వదులుతారు. గాజులోని సూక్ష్మమైన తేడాలకు తగిలి కొంచెం కాంతి వెనక్కొస్తుంది. నేల కదిలితే పోగు రవ్వంత సాగుతుంది, ఆ కాంతి మారిపోతుంది. ఎంతసేపటికి వచ్చిందో చూస్తే ఎక్కడ కదిలిందో తెలిసిపోతుంది. అంటే కొన్ని మీటర్లకో సెన్సర్ అన్నమాట.

కాలిఫోర్నియాలోని లాంగ్ వ్యాలీ అగ్నిపర్వత ప్రాంతంలో కాల్‌టెక్ టీమ్ ఇలాగే విని, శిలాద్రవం పైన గట్టిపడిన రాతి మూత ఉందని 2023లో చూపించింది. అదే ఏడాది నవంబర్ 10న ఐస్‌లాండ్‌లో గ్రిండవిక్ ఊరిని రాత్రికి రాత్రే ఖాళీ చేయించారు. కొద్ది రోజుల్లోనే అక్కడి 100 కిలోమీటర్ల టెలికాం ఫైబర్‌కి ఈ బాక్స్ కలిపారు. ఆ తర్వాతి విస్ఫోటనాల్లో లావా బయటికి రాకముందే, అరగంట నుంచి కొన్ని గంటల ముందు, కేబుల్ సాగడంలో జాడ కనిపించింది. ఇల్లు వదిలి పరిగెత్తాల్సిన వాళ్లకి అరగంటంటే మాటలా?

నచ్చనివీ ఉన్నాయి. ఇంటరాగేటర్ ఖరీదైన సరుకు. డేటా టెరాబైట్లలో వచ్చి పడుతుంది. అన్నిటికంటే ముఖ్యం, కేబుల్ నేలలో గట్టిగా పాతుకుని ఉండాలి. మా వీధిలో ఫైబర్ కరెంటు స్తంభాలకి వేలాడుతోంది. దానికి బాక్స్ పెడితే భూమి గుట్టు సంగతేమో గానీ, గాలి ఎప్పుడు వీచిందో మాత్రం పక్కాగా చెబుతుంది.