కథానాయకుణ్ణి మార్చేదెవరు? - చిత్రానువాదంలో పాత్రల కల్పన

తెలుగులో ‘పాత్ర’ అనే మాటకు గిన్నె, చెంబు వంటి వస్తువు అని ఒక అర్థం. కథలోనో, నాటకంలోనో కనిపించే వ్యక్తి అని మరొక అర్థం. ఉర్దూలో ఈ రెండవ అర్థానికి దీటైన మాట ‘కిర్దార్’. దానికి నాటకంలోని వేషమనీ, మనిషి నడవడి అనీ రెండు విధాల అర్థం చెబుతారు. ఒక భాష పాత్రను ఏదో ఒకటి నింపుకొనే వస్తువుతో పోల్చింది. మరొక భాష దానిని నడవడితో ముడిపెట్టింది. మన కళాశాలలో ఈ రెండు భాషలనూ చదువుతున్న విద్యార్థులకు చిత్రకథా రచనలోని మొదటి పాఠం ఇక్కడే దొరుకుతున్నది. పాత్ర ఎంత చక్కగా మాట్లాడిందన్నది ప్రధానం కాదు. అది ఏమి నింపుకొన్నది, దేనిని ఒలకబోసుకున్నది, దాని నడవడి ఎట్లు మారినది అన్నదే కథ.

చలనచిత్రానికి ఆధారమైన రచనను చిత్రానువాదం అంటారు. స్క్రీన్‌ప్లే అన్న మాట నేడు ఎక్కువ వాడుకలో ఉన్నది. నవలా రచయిత నాయకుని మనస్సులోకి ప్రవేశించి, అతని పశ్చాత్తాపాన్ని నాలుగు పుటలలో వర్ణించగలడు. చిత్రానువాద రచయితకు ఆ వెసులుబాటు లేదు. తెర మీద కనిపించేది, వినిపించేది మాత్రమే అతని సాధనం. కాబట్టి లోపలి మార్పును బయటి పనిగా చూపవలసి ఉంటుంది. ఆ పనిని నాయకుని చేత చేయించేవి అతని చుట్టూ ఉన్న పాత్రలే.

మన ప్రాచీన నాట్యశాస్త్రం కథా గమనాన్ని ప్రారంభం, ప్రయత్నం, ప్రాప్త్యాశ, నియతాప్తి, ఫలాగమం అని ఐదు అవస్థలుగా విభజించింది. నాయకుడు కోరిన ఫలాన్ని ఎట్లు పొందాడన్నది ఈ విభజనకు ప్రాణం. ఆధునిక చిత్రానువాదం దీనికి మరొక ప్రశ్నను జోడించింది. ఫలాన్ని పొందిన మనిషి, మొదట దానిని కోరిన మనిషేనా? కోరిక ఒకటై, అతనికి నిజంగా కావలసినది మరొకటైనప్పుడు ఆ రెంటి మధ్య జరిగే ఘర్షణలోనే మనిషి మారుతాడు.

మన వార్షికోత్సవాల నాటికలలో తరచుగా కనిపించే ఒక లోపాన్ని ఇక్కడ ప్రస్తావించక తప్పదు. మూడు రంగాల దాకా తాగి తందనాలాడిన కొడుకు, చివరి రంగంలో ఊరి పెద్ద చేసిన ఉపన్యాసం విని సీసాను నేలకేసి కొడతాడు. సభలో చప్పట్లు మోగుతాయి, కాని ఎవరూ నమ్మరు. ఆ కొడుకు పోగొట్టుకున్నది ఏమీ లేదు గనుక నమ్మరు. ఉపదేశం వినడానికి ఖర్చు లేదు. మారడానికి మాత్రం వెల చెల్లించాలి. నాయకుణ్ణి మార్చే పాత్ర అతనికి సలహా ఇచ్చే పాత్ర కాదు. అతడు వదలుకోవడానికి ఇష్టపడని దానిని అతని నుండి అడిగే పాత్ర. ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది ప్రధానంగా ఈ ఒక్క విషయమే. దీనికి మన ప్రాంతంతోనూ, మన రెండు భాషలతోనూ సంబంధం గల మూడు చిత్రాలను ఉదాహరణగా తీసుకుందాం.

మొదటిది 2023లో విడుదలైన ‘బలగం’. దర్శకుడు వేణు ఎల్దండి సిరిసిల్ల ప్రాంతం వాడు. 2016కు పూర్వం సిరిసిల్ల మన ఉమ్మడి కరీంనగర్ జిల్లాలోనిదే. కథానాయకుడు సాయిలు అప్పుల పాలైన యువకుడు. పెళ్లి కట్నంతో అప్పు తీర్చుకోవాలని అతని ఆలోచన. సరిగ్గా ఆ సమయంలో తాత కొమరయ్య కన్నుమూస్తాడు. మనుమనికి కలిగిన మొదటి చింత తాత పోయినందుకు కాదు, పెళ్లి పనులు ఆగిపోతున్నందుకు. ఇక్కడ రచయిత నేర్పును గమనించాలి. సాయిలు దుర్మార్గుడు కాడు. అతని స్వార్థానికి అప్పు అనే కారణం ఉన్నది. కారణం లేని చెడుతనం మారినా, మారకపోయినా ప్రేక్షకునికి పట్టదు.

ఇక అతని చుట్టూ ఉన్న పాత్రలను చూద్దాం. తాత కొమరయ్య కథ మొదట్లోనే మరణిస్తాడు. అయినా కథను నడిపేది అతడే. పిండాన్ని కాకి ముట్టకపోవడంతో, ముసలివాని మనస్సులో తీరని కోరిక ఏదో మిగిలిపోయిందని ఊరు భావిస్తుంది. మూడవ దినం ముట్టదు, ఐదవ దినం ముట్టదు. పదకొండవ దినం దగ్గర పడుతుంది. చనిపోయిన పాత్ర ఈ విధంగా బ్రతికినవారిని ఒక ప్రశ్న అడుగుతూనే ఉంటుంది. మాట్లాడలేని పాత్ర గనుక దానికి ఎవరూ ఎదురు చెప్పలేరు, బుజ్జగించనూ లేరు.

సాయిలు తండ్రి ఐలయ్య, మేనత్త భర్త నారాయణ ఏండ్ల నాడు విందులో నల్లిబొక్క దగ్గర వచ్చిన మాట పట్టింపుతో విడిపోయినవారు. ఆ పంతం వలన ఆడబిడ్డకు పుట్టిల్లు దూరమైంది. వీరిద్దరూ సాయిలుకు హితబోధ చేయరు. అయినా వారు అతనికి అద్దం వంటివారు. తన లాభనష్టాలే తనకు ముఖ్యమనుకొనే మనిషి వయసు మళ్లిన తరువాత ఎట్లుంటాడో అతడు వారిలో చూస్తున్నాడు. ఊరి పెద్దల పంచాయతీ మరొక విధమైన పాత్ర. అది గడువు విధిస్తుంది, పరువును పణంగా పెట్టిస్తుంది. చివరకు బుడిగ జంగాల గాయకులు ఆ కుటుంబపు కథనే ఆ కుటుంబానికి పాడి వినిపిస్తారు. అప్పటికి అన్నాచెల్లెళ్ల మనస్సులు పక్వానికి వచ్చి ఉన్నాయి గనుకనే ఆ పాట వారిని కరిగించగలిగింది. అదే పాటను మొదటి దినాన పాడించి ఉంటే అది ఉత్త ఉపదేశమై తేలిపోయేది. పాత్ర ఎంత బలమైనదైనా, అది ప్రవేశించే వేళ కూడా అంత ముఖ్యమైనదని దీనివల్ల తెలుస్తున్నది.

‘బలగం’లో మార్పు ఒక ఇంటికి సంబంధించినది. మనిషిలోని మార్పు సమాజపు మార్పుతో ముడిపడినప్పుడు పాత్రల పని ఎట్లుంటుందో తెలుసుకోవడానికి ‘మా భూమి’ని చూడవలసి ఉంటుంది. 1979 నాటి ఈ చిత్రానికి గౌతమ్ ఘోష్ దర్శకుడు, బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మాతలు. తెలంగాణ రైతాంగ పోరాటం దీనికి నేపథ్యం. కృషణ్ చందర్ ఉర్దూలో రాసిన ‘జబ్ ఖేత్ జాగే’ నవల దీనికి ఆధారం. నవలలో నాయకుడు రాఘవరావు ఉరికంబం ఎక్కడానికి ముందు రాత్రి జైలులో తన జీవితాన్ని నెమరు వేసుకుంటాడు. అంటే అతని మార్పు అప్పటికే పూర్తి అయినది. పాఠకుడు దానిని వెనుకకు తిరిగి చూస్తాడు. చిత్రంలో నాయకుడు రామయ్య మన కళ్ల ముందే మారుతాడు.

రామయ్యను మార్చినవారిలో మొదటి వ్యక్తి చంద్రి. అతడు ప్రేమించిన ఆ అమ్మాయి దొరతనపు దౌష్ట్యానికి బలి అయినదని తెలిసిన నాడు అతనికి ఊరు చేదవుతుంది. అది గాయం. గాయం మనిషిని కదిలిస్తుంది, కాని దారి చూపదు. ఆ స్థితిలో రామయ్య చేసినది ఊరు విడిచిపోవడమే. దారి చూపే పని పట్నంలో పరిచయమైన మక్బూల్‌ది. శ్రామికుల మధ్య పనిచేసే మక్బూల్ రామయ్యకు పరిచయం చేసినది తనలాంటి వారి బ్రతుకును, వారి ఐక్యతను. తన దుఃఖం తన ఒక్కనిది కాదని రామయ్య అక్కడ గ్రహిస్తాడు. ఆ గ్రహింపుకు వెల పెద్దది. తప్పించుకుని వచ్చిన ఊరికే అతడు తిరిగి వెళ్లాలి, ప్రాణాలకు తెగించాలి. గాయపరచే సంఘటనకు ఒక పాత్ర, దారి చూపడానికి మరొక పాత్ర అని వేరు చేయడం వలన ఈ మార్పు మెట్టు మెట్టుగా, నమ్మదగినదిగా నడిచింది.

మూడవ ఉదాహరణ దీనికి భిన్నమైనది. మార్చడానికి ఒక పాత్ర ప్రయత్నించినా మనుషులు మారని కథ అది. ప్రేమ్‌చంద్ 1935లో ఉర్దూలో ప్రచురించిన ‘కఫన్’ కథను ఆధారంగా చేసుకుని మృణాల్ సేన్ 1977లో ‘ఒక ఊరి కథ’ను తెలుగులో తీశారు. మూల కథలో కోడలు బుధియా గుడిసె లోపల ప్రసవ వేదనతో మూలుగుతుంటే, మామ, భర్త బయట కూర్చుని కాల్చిన ఆలుగడ్డలు తింటుంటారు. ఆమె మూలుగు వినబడుతుందే గాని ఆమె మనకు దగ్గర కాదు. చిత్రంలో ఆ కోడలు నీలమ్మగా నిండు పాత్ర అయినది. కష్టపడి ఇల్లు నిలబెట్టాలని, ఆ తండ్రీకొడుకులను పనిలో పెట్టాలని ఆమె తాపత్రయపడుతుంది. కాని మామ వెంకయ్య వాదానికి కూడా బలమున్నది. ఎంత పనిచేసినా లాభం యజమానిదే అయినప్పుడు పనిచేయడమెందుకని అతడు అడుగుతాడు. కొడుకు కిష్టయ్య ఆ ఇద్దరి మధ్య నలిగి, చివరకు తండ్రి వైపే జారుతాడు. నీలమ్మ ప్రాణం పోతుంది. మార్చే పాత్రకు ఎదురు నిలిచి వెనుకకు లాగే పాత్ర కూడా అంత బలంగానూ, అంత తర్కంతోనూ ఉండాలని ఈ చిత్రం నేర్పుతుంది. ఎదురు లేని చోట మార్పు సులభం; సులభమైన దానికి విలువ లేదు.

ఈ మూడు చిత్రాలను ఒక చోట చేర్చి చూసినప్పుడు మరొక సంగతి స్ఫురిస్తుంది. నాయకుణ్ణి మార్చే పాత్ర కేవలం అతని కోసమే పుట్టినట్లు ఉండరాదు. మన చిత్రాలలో చాలా కాలం తెలంగాణ మాట హాస్యగానికో, ప్రతినాయకుని అనుచరునికో మాత్రమే దక్కింది. ముస్లిం పాత్ర అయితే నాయకుని కోసం ప్రాణమిచ్చే స్నేహితుడో, లేకుంటే కుట్రదారో. అటువంటి పాత్రలకు సొంత ఇల్లు, సొంత బాధ, సొంత తప్పు ఉండవు. ఎదుటివానిని మార్చి తెర వెనుకకు పోవడమే వాటి పని. మారే అవకాశం ఎవరికి దక్కుతుందో వారినే కథ సంపూర్ణ మానవులుగా గుర్తించినట్లు లెక్క. కనుక పాత్రల పంపిణీ రచనా శిల్పానికి మాత్రమే సంబంధించినది కాదు, న్యాయానికి కూడా సంబంధించినది. మన జిల్లాల విద్యార్థులు కలం పట్టవలసిన అవసరం ఇక్కడే ఉన్నది.

ఆ ప్రయత్నం ఎట్లు మొదలుపెట్టాలో ఒక కల్పిత కథ ద్వారా చూద్దాం. మన జిల్లాల నుండి గల్ఫ్ దేశాలకు వలస పోవడం అందరికీ తెలిసినదే. ఒక వ్యక్తి పది సంవత్సరాల తరువాత ఊరికి తిరిగి వచ్చాడనుకుందాం. అక్కడ ఎడారిలో మేకలు కాచినవాడు, ఇక్కడ మాత్రం పెద్ద కంపెనీలో సూపర్‌వైజర్‌నని చెప్పుకున్నాడు. ఊరిలో అతనికి గౌరవం దక్కింది. ఆ గౌరవమే అతని కోరిక. నిజం చెప్పి తేలికపడడం అతని అవసరం. ఇప్పుడు ఒక్కొక్క పాత్ర అతని నుండి ఏమి అడుగుతుందో నిర్ణయించాలి.

ఇన్నాళ్లూ ఇల్లు నడిపిన భార్య తన నిర్ణయాలకు మన్నన అడుగుతుంది. తండ్రిని ఫొటోలో తప్ప ఎరుగని కూతురు అతని సమయాన్ని అడుగుతుంది. అక్కడ అతనితో కలిసి మేకలు కాచిన మిత్రుడు ఒకనాడు ఇంటికి వస్తాడు. నోరు విప్పకపోయినా అతని ఉనికే అద్దం వలె నిజాన్ని గుర్తుచేస్తుంది. అందరికంటె బలమైన పాత్ర మేనల్లుడు. మామను ఆదర్శంగా తీసుకుని, ఉన్న ఎకరం భూమిని కుదువ పెట్టి, ఏజెంటుకు డబ్బు కట్టడానికి అతడు సిద్ధపడ్డాడు. అతడు మామను మందలించడు, నమ్ముతాడు. ఆ నమ్మకమే మామను నిలదీస్తుంది. నిజం చెబితే పది సంవత్సరాల పరువు పోతుంది. చెప్పకపోతే పిల్లవాని బ్రతుకు పోతుంది. కథకు గుండెకాయ ఇదే. మేనల్లునికి కూడా సొంత కారణం కల్పించాలి. చెల్లెలి పెళ్లి అప్పో, వానలు లేక ఎండిన చేనో అతనిని తరుముతూ ఉండాలి. లేనిచో అతడు మామను మార్చడానికి తెచ్చిపెట్టిన బొమ్మగా మిగులుతాడు.

చిత్రానువాదం రాయదలచిన విద్యార్థి ఒక్కొక్క పాత్రకు ఒక్కొక్క కాగితం కేటాయించి నాలుగు ప్రశ్నలకు సమాధానం రాసుకుంటే చాలు. ఈ పాత్ర నాయకుని నుండి ఏమి అడుగుతున్నది? అది ఇవ్వడానికి నాయకునికి ఎందుకు మనసొప్పదు? ఈ పాత్రకు తనదైన అవసరం ఏమిటి? కథ ముగిసేసరికి ఈ పాత్రలో వచ్చిన మార్పు ఏమిటి? మొదటి ప్రశ్నకు జవాబు దొరకని పాత్రను తొలగించవచ్చు. ఇద్దరు ఒకే దానిని అడుగుతుంటే వారిని ఒకే పాత్రగా కలపవచ్చు. మూడవ ప్రశ్నకు జవాబు లేని పాత్రను తిరిగి రాయాలి.

ఇందుకు కెమెరా, పెట్టుబడి అవసరం లేదు. రాబోయే వార్షికోత్సవానికి ఉర్దూలో ఒకటి, తెలుగులో ఒకటి చొప్పున విద్యార్థులు స్వయంగా రాసిన నాటికలనే ప్రదర్శించేటట్లు కళాశాల కమిటీ వారు ప్రోత్సహిస్తే ఈ విద్యకు అదే తొలి అభ్యాసమవుతుంది. సిరిసిల్ల మగ్గాల మధ్య, బెల్లంపల్లి గనుల దగ్గర, గల్ఫ్ నుండి వచ్చే ఫోను కోసం ఎదురుచూసే ఇండ్లలో కథలకు కొదువ లేదు. అక్కడి మనుషులను ఇతరులు మారడానికి సాక్షులుగా మాత్రమే కాక, తామే మారగల మనుషులుగా చూపే బాధ్యత మన విద్యార్థి రచయితలదే.