వార్తల్లో పదం: ఇన్‌సివిలిటీ

కొట్టరు, తిట్టరు. వాట్సాప్ గ్రూపులో పదిమంది చూస్తుండగా ఒక వెటకారం విసురుతారు. నిలదీస్తే ‘ఊరికే అన్నా’ అంటారు. పనిచోట ఎదురయ్యే ఇలాంటి చులకననే ఇన్‌సివిలిటీ అంటారు. 1999లో ఆండర్సన్, పియర్సన్ దీన్ని నిర్వచించారు. నొప్పించాలన్న ఉద్దేశం ఉందో లేదో తేలకపోవడమే దీని లక్షణం. ఇక ఫిర్యాదులో ఏం రాస్తారు?

వరంగల్‌లో, 2023 ఫిబ్రవరిలో, కాకతీయ మెడికల్ కాలేజీ అనస్థీషియా పీజీ విద్యార్థిని, లంబాడా యువతి, హైదరాబాద్ నిమ్స్‌లో చికిత్స పొందుతూ 26న మరణించింది. ఒక సీనియర్ వాట్సాప్ గ్రూపులో తనను చిన్నబుచ్చాడని, తప్పుంటే హెచ్‌వోడీకి చెప్పమని ఆమె అతనికి మెసేజ్ పెట్టిందని పోలీసులు తెలిపారు. ర్యాగింగ్‌తో పాటు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కిందా కేసు పెట్టారు.

దెబ్బ రోగికీ తగులుతుంది. ఇజ్రాయెల్‌లో 24 నవజాత శిశు వైద్య బృందాలపై చేసిన ప్రయోగం 2015లో వెలువడింది. బయటి నిపుణుడు చులకన చేసిన బృందాలు రోగ నిర్ధారణలోనూ, చికిత్సలోనూ తడబడ్డాయి. ఒకరినొకరు సాయం అడగడమూ తగ్గింది.

ఉట్నూరు వైపు గోండు గూడెం నుంచి వచ్చిన కొత్త నర్సుకు మందు మోతాదుపై అనుమానం వచ్చిందనుకుందాం. ‘కోటా సీటు కదా’ అన్న మాట ఒకసారి పడ్డాక, మళ్లీ నోరు తెరవబుద్ధవుతుందా?