చీడను తట్టుకొనే వరి

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ కొల్లేరు సరస్సు విస్తరించి ఉంది. బుడమేరు, తమ్మిలేరు మొదలైన ఏరులు దీనిలో కలుస్తాయి. మిగులునీరు ఉప్పుటేరు ద్వారా సముద్రాన్ని చేరుతుంది. ఏలూరు, తాడేపల్లిగూడెం పరిసరాలలో వరి ప్రధానమైన పంట. నీటి సమృద్ధి ఈ నేలకు వరం. అయితే ఆ తేమయే చీడపీడలకూ ఆశ్రయమిస్తుంది.

వరిని పీడించే పురుగులలో సుడిదోమ మిక్కిలి ప్రమాదకరమైనది. ఇది నీటికి కొంచెం పైన, దుబ్బుల మొదళ్లలో గుంపులుగా చేరి రసాన్ని పీలుస్తుంది. పైరు సుడులు సుడులుగా ఎండిపోతుంది. అందువల్లనే దీనికి ఆ పేరు వచ్చింది. 1970వ దశకంలో ఈ పురుగు దేశంలోని పలు వరి ప్రాంతాలలో విజృంభించింది. మందులు చల్లినకొద్దీ దోమను తినే సాలీళ్లు కూడా నశించి, దాని ఉద్ధృతి మరింత పెరిగేది. పంట పోయినా కౌలు చెల్లించక తప్పని రైతుకు ఇది జీవన్మరణ సమస్య.

ఈ సమస్యకు మొక్కలోనే పరిష్కారం వెదకినవారు పశ్చిమగోదావరి జిల్లా మారుటేరులోని శాస్త్రజ్ఞులు. ఇక్కడి వరి పరిశోధన కేంద్రం 1925లో ఏర్పడింది. ఇక్కడ రూపొందిన వంగడాలను 'ఎం.టి.యు.' అనే అక్షరాలతో గుర్తిస్తారు.

కొన్ని నాటు రకాలకు దోమను తట్టుకొనే గుణం సహజంగా ఉంటుంది. కేరళలోని పట్టాంబికి చెందిన పి.టి.బి. 33 అటువంటిది. కాని తట్టుకొనే రకాలన్నీ మంచి దిగుబడినీ, మేలైన గింజనూ ఇవ్వవు. పంతొమ్మిదవ శతాబ్దంలో ఫ్రాన్సు ద్రాక్షతోటలను వేరుపురుగు నాశనం చేసినప్పుడు అక్కడివారికీ ఇదే చిక్కు ఎదురైంది. పురుగును తట్టుకొనే అమెరికా ద్రాక్షను, రుచికరమైన ఐరోపా ద్రాక్షతో సంకరపరచి వారు కొత్త రకాలను సృష్టించారు.

వరిలో సంకరణం ఎంతో ఓర్పుతో కూడిన పని. వరి పువ్వులో పుప్పొడి, అండాశయం రెండూ ఉంటాయి. తల్లిమొక్క పువ్వులలోని పుప్పొడి తిత్తులను ముందే తొలగించి, తరువాత తండ్రిమొక్క పుప్పొడిని చల్లుతారు. ఆ గింజల సంతతిలో వేలాది మొక్కలను పెంచి, లేత నారుపై దోమలను వదలుతారు. దోమకు సులభంగా లొంగే తైచుంగ్ నేటివ్-1 చనిపోయిన తరువాత కూడా నిలిచిన మొక్కలనే ఎన్నుకొంటారు. ఒక వంగడం రైతును చేరడానికి సుమారు పది సంవత్సరాలు పడుతుంది.

1982లో విడుదలైన స్వర్ణ (ఎం.టి.యు. 7029) మారుటేరు కీర్తిని దేశమంతటా చాటింది. వశిష్ఠ, మసూరి రకాల కలయికతో పుట్టిన ఈ వంగడం తక్కువ నత్రజనితోనే మంచి దిగుబడినిస్తుంది. సుడిదోమను తట్టుకొనే వంగడాలలో విజేత (ఎం.టి.యు. 1001), కాటన్ దొర సన్నాలు (ఎం.టి.యు. 1010) ప్రసిద్ధమైనవి. ధవళేశ్వరం ఆనకట్టను నిర్మించిన ఆర్థర్ కాటన్ పేరును రెండవదానికి పెట్టడం డెల్టా ప్రజల కృతజ్ఞతకు నిదర్శనం.

కొల్లేటి చుట్టుపక్కల ముంపు మరొక శత్రువు. ఒడిశా నాటు వరి నుండి వచ్చిన ఎఫ్.ఆర్. 13ఎలోని ముంపును ఓర్చే జన్యువును అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ స్వర్ణలో ప్రవేశపెట్టింది. 2009లో మన దేశంలో విడుదలైన ఈ 'స్వర్ణ సబ్-1' దాదాపు రెండు వారాలు నీట మునిగినా మళ్లీ చిగురిస్తుంది.

అయినా ఏ విజయమూ శాశ్వతం కాదు. 1973లో ఫిలిప్పైన్స్‌లో విడుదలైన ఐ.ఆర్. 26 మొదట దోమను తట్టుకొంది. కొద్ది సంవత్సరాలలోనే దోమ మారి, దానిని కూడా లొంగదీసింది. కనుక మంచి విత్తనం ఒక్కటే చాలదు. ప్రతి రెండు మీటర్లకు కాలిబాటలు తీయడం, నత్రజనిని మితంగా వాడడం, పొలాన్ని అప్పుడప్పుడు ఆరగట్టడం కూడా అవసరం. నాటు రకాలను భద్రపరచడం అంతకంటె ముఖ్యం. నేడు పనికిరానిదిగా కనిపించే గింజలోనే రేపటి పంటను కాపాడే గుణం దాగి ఉండవచ్చు.